వడగళ్ల వాన, ఇంటి కప్పు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం

కడప జిల్లా పడమటి వైపున మార్చి నుంచి మే దాకా అప్పుడప్పుడు విరుచుకుపడే రాళ్లవానను జనం తోటల లెక్కలోనే గుర్తుపెట్టుకుంటారు. ఎన్ని ఎకరాల అరటి పడిపోయింది, చీనీ పిందె ఎంత రాలింది, మామిడి ఏమయింది అన్న మాటలే మరునాడు అంగళ్ల దగ్గరా పేపర్లలోనూ వినిపిస్తాయి. అదే వాన ఇళ్ల మీద కూడా పడి ఉంటుంది. రేకు మీద వెంట్రుకంత పగులు, బండల సందులో లేచిపోయిన సున్నం, సోలార్ పలక అద్దం మీద సాలెగూడు లాంటి చీలిక ఆ రోజు కంటికి ఆనవు. వేసవి వానకు ఇల్లు తడిసినా ఒక్క పూట ఎండకు ఆరిపోతుంది. ఆగస్టు దాటి ముసురు పట్టినప్పుడు గోడ మీద చెమ్మ దిగుతుంది, మంచం మీద చుక్క పడుతుంది. అప్పటికి ఆ పగులు ఎప్పటిదో ఎవరికీ గుర్తుండదు, చూపించడానికి ఆధారమూ ఉండదు. వడగళ్లకు ఇల్లు నష్టపోవడం ఈ ప్రాంతంలో ఎక్కువగా ఇలా ఆలస్యంగా తెలిసే నష్టమే.

పులివెందుల వైపు ఈ వాన జ్ఞాపకం తాజాగానే ఉంది. 2025 మార్చి నాలుగో వారంలో లింగాల మండలంలో రాత్రివేళ వచ్చిన ఈదురుగాలులకు, వానకు గెలలతో ఉన్న అరటి తోటలు వరుసలు వరుసలుగా నేలకొరిగాయి. చిత్రావతి జలాశయం నీళ్లు వచ్చాక అరటి బాగా పెరిగిన మండలం అది. నాయకులు వచ్చి తోటలు చూశారు, పంట నష్టం మీద చర్చ నడిచింది. అంతకు రెండేళ్ల ముందు, 2023 మార్చి 16న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో వడగళ్లు ఎంతగా పడ్డాయంటే నేల తెల్లగా కప్పుకుపోయి, ఆ ఫొటోలు రాష్ట్రమంతా తిరిగాయి. రెండు చోట్లా ముందుకొచ్చింది పంటే. తోట పోతే ఆ ఏటి బతుకే పోతుంది కాబట్టి అది సహజం. అయితే తోట ఉన్న మనిషికి ఇల్లూ ఉంది. తోటలో కూలికి వెళ్లే మనిషికైతే నష్టపోవడానికి ఉన్నది ఆ రేకుల ఇల్లొక్కటే.

రాయి ఎలా తయారవుతుంది

పుస్తకాల్లో వడగండ్లు, పేపర్లలో వడగళ్లు, మాటల్లో రాళ్లవాన. వడగల్లులోని ‘కల్లు’ అంటే రాయే; ఓరుగల్లులో, సన్నెకల్లులో ఉన్నది ఆ మాటే. జనం ‘రాళ్లు పడినాయి’ అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

వేసవిలో నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమ దానికి తోడవుతుంది. మరాఠ్వాడా నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ద్రోణి ఏర్పడిందని వాతావరణ శాఖ చెప్పే రోజుల్లో రాయలసీమ మీద మధ్యాహ్నం తర్వాత క్యుములోనింబస్ మేఘాలు కోటగోడల్లా లేస్తాయి. నేల నుంచి నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటితే అక్కడి గాలి సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటుంది. అయినా మేఘంలోని నీటి బొట్లు వెంటనే గడ్డకట్టవు. ఒక మంచు రేణువు తగిలితే మాత్రం దానికి అంటుకుని క్షణంలో గడ్డకడతాయి. పైకి ఎగదోసే గాలి ఎంత బలంగా ఉంటే రాయి అంతసేపు పైనే ఉండి అంత పెద్దదవుతుంది. బరువు మోయలేని స్థితి వచ్చాక గాలి దాన్ని వదిలేస్తుంది.

అప్పుడే పడిన పెద్ద రాయిని కత్తితో అడ్డంగా కోసి చూస్తే లోపల ఎర్రగడ్డ పొరల్లాంటి వలయాలు కనిపిస్తాయి. ఒక పొర పాలలా తెల్లగా, ఇంకొకటి గాజులా తేటగా ఉంటుంది. నీళ్లు టక్కున గడ్డకట్టి గాలిబుడగలు లోపల చిక్కుకుంటే తెల్లపొర వస్తుంది. నీళ్లు మెల్లగా పరుచుకుని గడ్డకడితే తేటపొర ఏర్పడుతుంది. మేఘంలో ఆ రాయి ఎక్కడెక్కడ తిరిగిందో ఆ పొరలే చెబుతాయి.

మన దగ్గర నేల మీది గాలి వేడి కాబట్టి చిన్న రాళ్లు దారిలోనే కరిగి లావాటి చినుకులుగా దిగుతాయి. కరగకుండా నేల దాకా వచ్చాయంటే అవి పైన ఇంకా పెద్దవిగా ఉన్నవే. ఉత్తరాదితో, మహారాష్ట్రతో పోలిస్తే రాయలసీమలో వడగళ్లు తక్కువ, ఎక్కువసార్లు చిన్నవే. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో వడగళ్లకు అత్యధికంగా జనం చనిపోయిన ఘటన మన దేశానిదే. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్ దగ్గర 246 మంది మరణించారు. అత్యంత బరువైన రాయి 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది. దాని బరువు 1.02 కిలోలు.

బటాణీ గింజకు, నిమ్మకాయకు తేడా

రాయి సైజు రెండింతలైతే దెబ్బ రెండింతలే అనుకోవడం పొరపాటు. అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, పడే వేగమూ పెరుగుతుంది. రెండూ కలిసి దెబ్బ బలం దాదాపు 16 రెట్లు అవుతుంది. ఒక సెంటీమీటరు రాయి బరువు అర గ్రాము లోపే. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయంత రాయి సుమారు 30 గ్రాములు తూగుతుంది. రెండున్నర సెంటీమీటర్ల లోపు రాళ్లు గంటకు 14 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో పడతాయి. నాలుగున్నర సెంటీమీటర్ల దాకా ఉన్నవి 40 నుంచి 65 కిలోమీటర్లు, అంతకు మించినవి 70 నుంచి 115 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి. ఈదురుగాలి తోస్తే ఏటవాలుగా వచ్చి కప్పునే కాక కిటికీ అద్దాలను, గోడ పూతను, ఒకే దిక్కున ఉన్న దోమల జాలీలను కొడతాయి.

అందుకే ‘రాళ్లు పడినాయి’ అంటే సరిపోదు, ఎంత రాళ్లో చెప్పాలి. పది రూపాయల నాణెం అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. కొలబద్ద లేనివారికి అంతకంటే మంచి కొలత చేతిలో ఉండదు. నాణేన్ని రాయి పక్కన పెట్టి తీసిన ఒక్క ఫొటో తర్వాత ఎన్నో మాటలకు సమాధానమవుతుంది. నాలుగు రాళ్లను పాలిథీన్ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో దాస్తే ఇంకా మంచిది.

కప్పును బట్టి దెబ్బ

ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల ఒకే వీధిలో నాలుగు తరాల కప్పులు కనిపిస్తాయి. పాత మట్టిమిద్దె, దాని పక్కన బండల మిద్దె, ఎదురుగా సిమెంటు రేకుల ఇల్లు, మూలమీద స్లాబు ఇల్లు, ఆ స్లాబు మీద మళ్లీ రేకుల షెడ్డు. వాన ఒకటే అయినా నష్టం ఒకటి కాదు.

మట్టిమిద్దెకు దూలాలు, వాటి మీద కట్టెలు, పైన చవుడు మట్టి ఉంటాయి. ఆ మట్టి మెత్తన దెబ్బను మింగేస్తుంది, కాబట్టి రాయి తగిలి మిద్దె పగలదు. రాళ్లు కుప్పగా నిలిచి మెల్లగా కరిగితేనే చిక్కు. వాన నీళ్లు పారిపోతాయి, మంచు కరిగిన నీళ్లు అక్కడికక్కడే ఇంకుతాయి. చవుడు పలచబడిన చోట ఆ నీళ్లు దూలం దాకా దిగుతాయి. వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాచి ఉన్న ఇళ్లలో దాని మీది అద్దమో రేకుముక్కో పగిలితే రాళ్లు నేరుగా నట్టింట్లో పడతాయి. వాన ఆగగానే మిద్దె మీది మంచును చీపురుతో నీళ్ల గొట్టం వైపు తోసేస్తే సగం పని అయినట్టే.

జమ్మలమడుగు, మైలవరం, ఎర్రగుంట్ల మండలాలంటే నాపరాయి సీమ. కడప బండలని దేశమంతా పిలిచే రాయి ఇక్కడి గనులదే. నేలకే కాదు, గోడకూ కప్పుకూ అదే వాడిన ఇళ్లు ఇక్కడ కొత్త కాదు. మంచి బండను మన వైపు పడే రాయి ఏమీ చేయలేదు. బండకూ బండకూ మధ్య పూసిన సున్నమో సిమెంటో మాత్రం దెబ్బకు పొరలుగా లేస్తుంది. పైనుంచి చూస్తే సన్నని గీతలా ఉంటుంది, కింది నుంచి చూస్తే ఏమీ కనిపించదు. బండల మిద్దె ఉన్నవారు రాళ్లవాన తర్వాత సందులన్నీ ఒకసారి గోటితో గీరి చూసుకోవాలి. పొడిగా రాలితే ఆ సందును ముసురుకు ముందే మళ్లీ నింపాలి.

ఎక్కువ నష్టం సిమెంటు రేకుల ఇళ్లకే. రేకు గట్టిది, కానీ వంగదు. సత్తు పళ్లెం సొట్ట పడే చోట మట్టి మూకుడు పగులుతుంది, రేకుదీ మూకుడు గుణమే. ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు నాని ఉన్న రేకు ఇంకా పెళుసు. పెద్ద రాయి తగిలితే చిల్లు పడుతుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది. మధ్యరకం రాయి తగిలితే పై నుంచి చిన్న మచ్చ, కింది వైపు నక్షత్రంలా చీలికలు. బోల్టు వేసిన రంధ్రం దగ్గర, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట, వాసాలకు మధ్యన ఈ చీలికలు ఎక్కువ. వాసాల మధ్య ఎడం 1.4 మీటర్లు మించకూడదన్నది ఆరు మిల్లీమీటర్ల రేకుకు పాటించే కొలత. కట్టె ఖర్చు తగ్గించుకోవడానికి ఎడం పెంచిన ఇళ్లలో రేకు ముందే కుంగి ఉంటుంది, అలాంటి రేకు చిన్న దెబ్బకే పగులుతుంది.

పగులు వెతకడానికి పైకెక్కనక్కర లేదు. మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి ఇల్లు చీకటి చేసి, కింది నుంచి కప్పును చూడాలి. చీలిక ఉన్న చోట సూదిమొనంత వెలుగు కనిపిస్తుంది, నేల మీద చిన్న ఎండ బొట్టు పడుతుంది. ఆ బొట్టు చుట్టూ బొగ్గుతో గుర్తు పెట్టుకుంటే ఏ వరుసలో ఏ రేకో మేస్త్రికి చూపించవచ్చు.

రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. రాళ్లవాన తర్వాత టార్పాలిన్ కప్పడానికి ఎక్కి, పగిలిన రేకు మీద అడుగేసి కింద పడితే వాన చేయని కీడు అప్పుడు జరుగుతుంది. ఎక్కక తప్పకపోతే కింద వాసం ఉన్న వరుస చూసుకుని, రెండు వాసాల మీద ఆనేలా పొడుగాటి పలక వేసి దాని మీద నడవాలి. తడి ఆరే దాకా ఆగాలి.

రాతినార సంగతి

సిమెంటు రేకు గురించి పులివెందులలో మాట్లాడితే ఇంకో మాట తప్పనిసరిగా వస్తుంది. రేకులో సిమెంటుతో కలిపే రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఒకప్పుడు పులివెందుల పక్కనే బ్రాహ్మణపల్లె ప్రాంతంలో గనుల నుంచి తీసేవారు. ఇక్కడ దొరికింది క్రైసోటైల్ అనే తెల్లరకం. నార ఊపిరితిత్తులకు చేసే కీడు తెలిశాక కేంద్రం 1986లో కొత్త లీజులు ఇవ్వడం ఆపింది. 1993లో పాత లీజుల పొడిగింపూ ఆగింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం మీద సుప్రీంకోర్టు 1995 జనవరిలో ప్రధానమైన తీర్పు ఇచ్చింది. తవ్వకం ఆగినా వాడకం ఆగలేదు. రేకుల కోసం తెల్ల రాతినార రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి వస్తోంది.

చెక్కుచెదరని రేకులో నార సిమెంటులో బిగిసి ఉంటుంది. రేకు పగిలినప్పుడు, కోసినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడు కంటికి కనిపించని పోగులు గాల్లోకి లేస్తాయి. అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందుకే రాళ్లవాన మరునాడు పగిలిన రేకుముక్కలను పొడి చీపురుతో ఊడవడం, పిల్లలు ఆ ముక్కలతో ఆడుకోవడం, వాటిని పొడిచేసి వాకిట్లో గుంత పూడ్చడం ఇక మానాలి. ముక్కల మీద ముందు నీళ్లు చల్లి, తడిగా ఉండగానే ఏరి, మందపాటి పాలిథీన్ సంచిలో కట్టి, జనం తవ్వని చోట లోతుగా పూడ్చాలి. నేలను తడిగుడ్డతో తుడవాలి. మూతికి కట్టుకునే మామూలు గుడ్డ ఈ పోగులను ఆపదు. రాతినార లేని సిమెంటు రేకులూ ఇప్పుడు దొరుకుతున్నాయి. కొత్త కప్పు వేసేవారు వాటిని అడిగి తీసుకోవడం మంచిది.

మిగతా కప్పుల విషయానికొస్తే, జింకు రేకులు, రంగు రేకులు పగలవు, సొట్ట పడతాయి. సొట్ట వల్ల వెంటనే నీళ్లు కారవు గానీ, అక్కడ జింకు పూత చిట్లితే తుప్పు మొదలవుతుంది. సొట్టలో నీళ్లు నిలిస్తే ఆ తుప్పు ఇంకా తొందరగా పాకుతుంది. వెలుతురు కోసం మధ్యలో వేసే ప్లాస్టిక్ రేకు మాత్రం కడప ఎండకు నాలుగైదేళ్లలోనే పచ్చబడి పెళుసెక్కుతుంది. రాళ్లవానకు ముందుగా పోయేది అదే.

స్లాబు ఇంటికి రాయి దెబ్బ తగలదు. అయితే రాలిన ఆకులు, రాళ్లు కలిసి నీళ్లు దిగే గొట్టం మూతిని మూసేస్తాయి. చుట్టూ పిట్టగోడ ఉన్న మిద్దె అప్పుడు తొట్టి అవుతుంది. చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే బరువు పది కిలోలు. స్లాబు ఆ బరువు మోస్తుంది గానీ, నీళ్లు మెట్లగది తలుపు కింది నుంచి ఇంట్లోకి వస్తాయి. ప్రొద్దుటూరు బజారు వీధుల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లకు ఇది ఇంకా ఇబ్బంది, ఒకరి మిద్దె మీద నిలిచిన నీళ్లు పక్కవారి గోడలోకి దిగుతాయి.

మిద్దె మీద ఉండే మిగతా సామాను సంగతి కూడా చూసుకోవాలి. ఏళ్లుగా ఎండలో ఉన్న ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు మూత పగులుతుంది. సోలార్ వాటర్ హీటరు గాజు గొట్టాల్లో ఒకటి రెండు పగిలినా హీటరు పనిచేయదు. కరెంటు ఇచ్చే సోలార్ పలకలకు అంతర్జాతీయ పరీక్ష ఒకటుంది. 25 మిల్లీమీటర్ల మంచుగుండును సెకనుకు 23 మీటర్ల వేగంతో, అంటే గంటకు 83 కిలోమీటర్లతో, పలక మీద 11 చోట్ల కొట్టి చూస్తారు. మన పది రూపాయల నాణెం అంతకంటే కొంచెమే పెద్దది. నాణెమంత లోపు రాళ్లైతే పరీక్షకు నిలిచిన పలకకు భయం లేదు. అంతకు మించిన రాళ్లు పడితే అద్దం బాగున్నట్టు కనిపించినా లోపలి సిలికాన్ బిళ్లలో చీలికలు రావచ్చు. మరుసటి నెల యూనిట్ల లెక్క తగ్గిందేమో చూసుకోవాలి. ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద 2024 నుంచి ఇళ్ల మీద పలకలు పెరుగుతున్నాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇక అందరిదీ.

వాన కురుస్తున్నప్పుడు

రాళ్లు పడుతుండగా ఆరేసిన మిరపకాయలు, బట్టలు తేవడానికి మిద్దె ఎక్కకూడదు. రాళ్ల కంటే పిడుగు ప్రమాదం ఎక్కువ. ఆ రెండూ ఒకే మేఘం నుంచి వస్తాయి. రేకుల ఇంట్లో ఉన్నవారు స్లాబు ఉన్న పక్కింటికి వాన మొదలుకాకముందే చేరాలి. మొదలయ్యాక అయితే గట్టి మంచం కిందనో మేజా కిందనో పిల్లలను కూర్చోబెట్టడం మేలు. కిటికీ దగ్గర నిలబడి ఫొటోలు తీయకూడదు. చెట్టు కింద తలదాచుకోకూడదు. గాలికి తెగిన కరెంటు తీగ కనిపిస్తే ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయాలి. ఉరుములు, ఈదురుగాలుల హెచ్చరికలు వాతావరణ శాఖ నుంచి, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి కొద్ది గంటల ముందు ఫోనుకు వస్తాయి. ఫలానా ఊళ్లో ఫలానా వీధిలో రాళ్లు పడతాయని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఒక ఊరిని కొట్టి పక్క ఊరిని వదిలేసే వాన ఇది.

సర్కారు సాయం

వడగళ్ల వాన కేంద్రం గుర్తించిన విపత్తుల్లో ఒకటి. తుపాను, వరద, భూకంపాలతో పాటు విపత్తు సహాయ నిధి కింద దీనికీ సాయం అందుతుంది. 2022-23 నుంచి 2025-26 దాకా వర్తించే కొలతల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు ఇవ్వాలి. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000, ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000 రూపాయలు. పాక్షిక నష్టానికి షరతు ఒకటుంది, నష్టం కనీసం 15 శాతం ఉండాలి. ఈ గీత దగ్గరే చాలా ఇళ్లు ఆగిపోతాయి. ఇరవై రేకుల కప్పులో నాలుగు పగిలినా ఇంటి మొత్తం విలువలో అది 15 శాతానికి చేరకపోవచ్చు. కూలి చేసుకునే కుటుంబానికి ఆ నాలుగు రేకులే పెద్ద ఖర్చు. వరద ఇంటిని కూల్చుతుంది, రాళ్లవాన కప్పును మాత్రమే పొడుస్తుంది. రెండింటినీ ఒకే గీతతో కొలవడం న్యాయం కాదు.

అయినా దరఖాస్తు పెట్టడం మానకూడదు. గ్రామ సచివాలయంలో, పట్టణమైతే వార్డు సచివాలయంలో, నష్టం జరిగిన మరునాడే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. లెక్కలు రాసేవారు వచ్చే దాకా పగిలిన రేకులను పారేయకూడదు, ఫొటో తీసి ఒక మూల దాచాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకే సంచిలో ఉంటే తిరగడం తగ్గుతుంది.

బీమా కాగితంలో ఏముంది

మోటారు సైకిలుకు బీమా ఉన్న ఇళ్లలోనూ ఇంటికి బీమా ఉండడం అరుదు. బ్యాంకు అప్పుతో కట్టిన ఇళ్లకు మాత్రం చాలాచోట్ల బీమా ఉంటుంది, ఆ సంగతి ఇంటివారికే తెలియదు. రుణం కాగితాలు తీసి చూసుకోవాలి.

బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పేరుతో అన్ని కంపెనీలూ ఒకే తీరు ఇంటి పాలసీ తెచ్చాయి. ఇందులో భూమి విలువ లెక్కకు రాదు, తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. పదేళ్ల దాకా ఒకేసారి తీసుకోవచ్చు. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, ఇంట్లోని సామానుకు దానంతటదే రక్షణ ఉంటుంది. విలువ కొంత తక్కువ రాయించినా, ఆ నిష్పత్తిలో పరిహారం కోసే పాత పద్ధతి ఇందులో లేదు. అద్దెకు ఉన్నవారు సామాను వరకే తీసుకోవచ్చు.

ఒక్క విషయం జాగ్రత్తగా చదవాలి. పాలసీ రక్షణ ఇచ్చే ఆపదల వరసలో తుపాను, గాలివాన, సుడిగాలి, వరద, నీటి ముంపు పేర్లున్నాయి. వడగళ్లన్న మాట విడిగా లేదు. కారు, బైకు పూర్తి బీమాలో అయితే వడగళ్ల వాన అని పేరుపెట్టి రాసి ఉంటుంది. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నవారికి ఆ రక్షణ లేదు. రాళ్లు గాలివానలో భాగంగానే వస్తాయి కాబట్టి ఇంటికీ పరిహారం అడగవచ్చు. అయినా పాలసీ తీసుకునే రోజే ‘వడగళ్ల నష్టం వస్తుందా’ అని అడిగి సమాధానాన్ని రాతలో తీసుకుంటే తర్వాత వాదన ఉండదు. పాత పగుళ్లు, పాడుబడిన కప్పు వల్ల కారిన నీళ్లు బీమా కిందికి రావు. ఆగస్టులో కారిన చుక్కను చూపించి మార్చి వాన మీద పరిహారం అడిగితే ఇల్లుగలవాళ్లు ఇక్కడే ఓడిపోతారు. మార్చిలో తీసిన ఫొటో ఉంటే సంగతి వేరు.

జమ్మలమడుగు పక్కన మోరగుడి లాంటి చేనేత ఊళ్లలో ఇంకో చిక్కుంది. అక్కడ ఇల్లే కార్ఖానా. కప్పు నుంచి కారిన నీళ్లు గుంటమగ్గంలోకి దిగితే పడుగు పాడవుతుంది, వారాల పని పోతుంది. ఇంటి పాలసీలోని సామాను అంటే మంచాలు, బీరువాలు, టీవీలు; నూలు, నేసిన చీరలు అందులోకి రావు. చిన్న వ్యాపారాల కోసం అదే రోజున వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ వేరే ఉంది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లవారికీ అదే వర్తిస్తుంది.

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలపాలి. నీళ్లు ఇంకా లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పడం ఇంటివారి బాధ్యతే, దాని బిల్లు దాచాలి. సర్వేయరు చూడకముందే కప్పంతా మార్చేయకూడదు. కంపెనీ కాదంటే ముందు వారికే రాతగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు అర్జీ పెట్టుకోవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

డల్లాస్‌లో ఉన్న బంధువులు చెప్పేది

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లలో వసంతకాలం అంటేనే వడగళ్ల కాలం. అక్కడి ఇళ్ల కప్పు తారు పలకలది. రాయి తగిలితే పలక మీది ఇసుక గుళికలు రాలిపోతాయి, కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు, రెండేళ్లకు అక్కడే నీళ్లు కారతాయి. నష్టం ఆలస్యంగా తెలియడంలో ఆ కప్పుకూ మన రేకుకూ తేడా లేదు. అక్కడ గాలి, వడగళ్ల నష్టంలో ఇంటివారు భరించాల్సిన వాటాను తరచుగా ఇంటి బీమా మొత్తంలో శాతంగా రాస్తారు. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే ఎనిమిది వేల డాలర్లు చేతి నుంచి పెట్టుకోవాలి. వాన మరునాడే తలుపు తట్టి ‘మీ వాటా మేమే భరిస్తాం, సంతకం పెట్టండి’ అనే కప్పు మేస్త్రీలు ఎక్కువైతే, టెక్సాస్ రాష్ట్రం 2019 సెప్టెంబరు 1 నుంచి అలా భరించడాన్ని చట్టవిరుద్ధం చేసింది. దెబ్బకు తట్టుకునే పలకలకు అక్కడ నాలుగు తరగతుల పరీక్ష ఉంది. రెండు అంగుళాల ఉక్కుగుండును 20 అడుగుల ఎత్తు నుంచి వేసినా చీలనిది నాలుగో తరగతి. మన రేకుల మీద అలాంటి ముద్ర లేదు. ఇంత ఎండ, ఇంత గాలి ఉన్న సీమలో కప్పు కొనేవాడికి ఆ సమాచారం దక్కాలి.

మరమ్మతుకు ఉన్న సమయం

కడప జిల్లా వానలో సగానికి పైగా నైరుతి రుతుపవనాలతో, మూడో వంతు దాకా ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురుస్తుంది. రాళ్లవాన మార్చిలో వస్తే మరమ్మతుకు మూడు నాలుగు నెలల ఎండ దొరుకుతుంది. వెంట్రుక పగులు ఉన్న సిమెంటు రేకుకు కింది నుంచి సిమెంటు పూస్తే నిలవదు. పగులు మీద జల్లెడ గుడ్డ పరిచి, నీళ్లు ఆపే పూత రెండు దఫాలు వేస్తే ఒకటి రెండు కాలాలు గడుస్తుంది. నక్షత్రపు చీలిక ఉన్న రేకును మార్చడమే మేలు. మార్చేటప్పుడు పాత బోల్టు రంధ్రంలో కొత్త బోల్టు బిగించి వదిలేయకుండా కింద తారు వాషరు వేయించాలి. మరీ బిగిస్తే కొత్త రేకు కూడా ఆ రంధ్రం దగ్గరే చీలుతుంది. బండల మిద్దె సందులకు పాత పద్ధతి సున్నమే మంచిది, ఎండకు బండ పెరిగి తగ్గినప్పుడు అది కొంత సర్దుకుంటుంది.

పని అయ్యాక మేస్త్రికి డబ్బులిచ్చే ముందు మిద్దె మీద బిందెలతో నీళ్లు పోసి, ఒకరు లోపల చీకట్లో నిలబడి గంటసేపు చూడాలి. మార్చిలో బొగ్గుతో గుర్తు పెట్టిన చోట నేల పొడిగా ఉంటే ఆ గుర్తు చెరిపేయవచ్చు.